అవ్వను ఎమ్మారై గదిలోకి తీసుకెళ్లే ముందు

వయసు మీద పడుతున్నకొద్దీ జ్ఞాపకశక్తి, ఆలోచన ఎలా మారతాయో ఎమ్మారై యంత్రం తీసే మెదడు చిత్రాల సాయంతో తెలుసుకోవాలని నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో అధ్యయనానికి దిగే యువ పరిశోధకుల కోసం ఇది రాస్తున్నాను. యంత్రాన్ని నడపడం టెక్నీషియన్‌కు తెలుసు, చిత్రాలను కొలిచే సాఫ్ట్‌వేర్‌ను నాలుగైదు నెలలు కూర్చుంటే ఎవరైనా నేర్చుకోవచ్చు. కాని ఆ యంత్రంలో పడుకున్న మనిషి వయసెంత, ఏ నీళ్లు తాగి పెరిగింది, బడికి వెళ్లిందా, ఎన్ని భాషలు మాట్లాడుతుంది, చెవులు సరిగా వినిపిస్తున్నాయా అన్నవి ముందుగా రాసుకోకపోతే, ఎంత ఖరీదైన చిత్రమైనా మనకు తప్పే చెబుతుంది. కాబట్టి ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం యంత్రం గురించి కాక, యంత్రం దాకా చేరే దారి గురించే ఉంటుంది.

దేశంలో 60 ఏళ్లు దాటిన వారిలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో (జ్ఞాపకశక్తి, ఆలోచన రోజువారీ పనులకు అడ్డుపడేంతగా తగ్గిపోయే జబ్బుతో) ఉన్నారని లాసీ-డాడ్ అనే జాతీయ అధ్యయనం 2023లో వెల్లడించింది. పురుషులకంటే స్త్రీలలో, పట్టణాలకంటే పల్లెల్లో ఈ సమస్య ఎక్కువగా ఉందని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. అయినా ఎమ్మారై యంత్రాలున్నది పట్టణాల్లో, పరిశోధనలో పాల్గొనేది ఎక్కువగా చదువుకున్నవారు. దేవరకొండ తండాలోని అవ్వ, మక్తల్ దగ్గరి తాత ఈ చిత్రాల్లోకి రావాలంటే పద్ధతిని వాళ్లకు తగినట్టు మనమే మార్చుకోవాలి.

వయసు లెక్క తేల్చుకోవడం

వార్ధక్యం మీద చేసే అధ్యయనంలో అన్నింటికంటే ముఖ్యమైన అంకె వయసు. మన దగ్గర అన్నింటికంటే నమ్మలేని అంకె కూడా అదే. ఆధార్ కార్డులో చాలామంది పెద్దల పుట్టినరోజు జనవరి 1గానే ఉంటుంది, సంవత్సరం కూడా నమోదు చేసిన మనిషి అంచనాయే. ఆ అంకెను నేరుగా ఫారంలోకి ఎక్కిస్తే అయిదు నుంచి పదేళ్ల దాకా తేడా రావచ్చు, అప్పుడు మెదడు పరిమాణానికీ వయసుకూ మీరు గీసే గీత మొత్తం వంకరపోతుంది.

వయసును ఊరికి తెలిసిన సంఘటనలతో పట్టుకోవాలి. నల్లగొండ వైపు 1948 సెప్టెంబర్ నాటి పోలీస్ యాక్షన్, అంతకుముందు రజాకార్ల కాలం, 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదలడం మంచి గుర్తులు. పాలమూరు వైపు 1956 సెప్టెంబర్‌లో జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడిపోయిన ఘటన, కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల్లో 1981 నాటి శ్రీశైలం ముంపు పెద్దలకు బాగా యాదికుంటాయి. "నాకెన్నేండ్లో ఎవరికెరుక బిడ్డా, రజాకార్లు వచ్చినప్పుడు నేను గొర్ల వెంబడి తిరుగుతుంటి" అని ఒక పెద్దయ్య అంటే, గొర్ల వెంట తిరిగే పిల్లవాడికి ఏడెనిమిదేళ్లు ఉంటాయని, అంటే ఆయన 1940 ప్రాంతంలో పుట్టి ఉంటాడని అంచనాకు రావచ్చు. తర్వాత పెళ్లి ఏ సంవత్సరంలో అయింది, పెద్దకొడుకు వయసెంత అని అడిగి దాన్ని సరిచూసుకోవాలి. కనీసం రెండు గుర్తులు ఒక్కచోటికి వచ్చేదాకా వయసు గడి నింపకండి. అంచనాలో ఎంత తేడాకు అవకాశం ఉందో పక్కనే మరో గడిలో రాయండి.

యాది పరీక్ష

మన పల్లెల్లో జ్ఞాపకశక్తి అనే మాట ఎవరూ వాడరు. "యాది మరుస్తున్నరా అవ్వా?" అని అడిగితే మాట నేరుగా అందుతుంది. ప్రశ్నలన్నీ ఆ యాసలోకి తెచ్చి, ఊళ్లో అయిదారుగురికి చదివి వినిపించి, వాళ్లు తిరిగి ఏం అర్థం చేసుకున్నారో చెప్పించుకున్నాకే ఖాయం చేయాలి.

ప్రపంచమంతా వాడే 30 మార్కుల ఎమ్మెమ్మెస్ఈ (మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్) పరీక్ష 1975లో అమెరికాలో తయారైంది. అందులో వాక్యం రాయమంటారు, ఒకదానిపై ఒకటి పడే రెండు పంచభుజాలను చూసి గీయమంటారు, 100 నుంచి ఏడేసి తీసివేయమంటారు. పెన్సిల్ ఎన్నడూ పట్టని మనిషికి ఇవి చదువు పరీక్షలవుతాయి తప్ప యాది పరీక్షలు కావు. చదువు రాని పెద్దల కోసమే హర్యానాలోని బల్లబ్‌గఢ్ పల్లెల్లో 1990ల్లో హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్‌ను తయారు చేశారు. భారత వైద్య పరిశోధన మండలి రూపొందించిన న్యూరోకాగ్నిటివ్ టూల్‌బాక్స్ అనే యాది, ఆలోచన పరీక్షల కట్ట తెలుగులోనూ ఉంది. మొదలుపెట్టేది వీటితో కావాలి. గీయడానికి బదులు అగ్గిపుల్లలను చూపినట్టు పేర్చమనే పరీక్ష కూడా ఉంది, అది మన పెద్దలకు బాగా సరిపోతుంది. కొందరు ముగ్గు వేయించి చూద్దామంటారు, నేను వద్దంటాను. అరవై ఏళ్లుగా రోజూ పొద్దున వేసిన ముగ్గు చేతికి అలవాటైపోయి, యాది తగ్గిన తర్వాత కూడా చాలాకాలం నిలిచే ఉంటుంది.

నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. మర్రిగూడ మండలంలోని ఒక ఊళ్లో అరుగు మీద కూర్చున్న అవ్వను "ఇయ్యాల తారీఖెంత?" అని అడిగాను. ఆమె చేతిలోని చేటను పక్కన పెట్టి, "తారీఖుతోటి నాకేం పని బిడ్డా, మొన్న ఏకాదశి పోయింది, ఇయ్యాల త్రయోదశి" అంది. ఫారంలో తేదీ అని ఉంది కాబట్టి నేను సున్నా వేశాను. రాత్రి గదికి వచ్చి క్యాలెండర్ చూస్తే ఆ రోజు త్రయోదశే. అప్పటికి పదకొండు ఇళ్లు పూర్తయ్యాయి, వాటిలో ఎంతమందికి ఇలా అన్యాయంగా మార్కు పోయిందో మళ్లీ వెళ్లి అడిగితే తప్ప తేలలేదు. ఆనాటి నుంచి తిథి, వారం, పండుగ, అంగడి రోజు, ఏది సరిగా చెప్పినా సరైన జవాబుగానే లెక్కించాలని మా ఫారంలో రాసుకున్నాం.

ఏ భాషలో పరీక్షించాలన్నది కూడా ముందే అడగాలి. తండాల్లోని లంబాడీ పెద్దలకు ఇంటి భాష వేరు, అంగట్లో తెలుగు. నిజాం కాలంలో బడికి వెళ్లినవారు ఉర్దూలో చదువుకున్నారు, అలాంటి పెద్దయ్య చేతికి తెలుగు అక్షరాలిచ్చి చదవమంటే నిరక్షరాస్యుడిగా నమోదవుతాడు. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం నడుస్తుంది. పాలమూరు నుంచి బొంబాయికి వలసపోయి ఇరవై ఏళ్లు మట్టిపని చేసినవారు మరాఠీ, హిందీ ధారాళంగా మాట్లాడతారు. ఈ వివరం చిన్నదేమీ కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు వచ్చినవారికి ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. ఆ ఫలితం మన నేల మీదే వచ్చింది కాబట్టి, ఏ భాష, ఎన్నో ఏట నేర్చుకున్నారు, ఎవరితో మాట్లాడేవారు అన్నవి మన ఫారంలో తప్పకుండా ఉండాలి.

మార్కులు తగ్గిన ప్రతి మనిషికీ మెదడు జబ్బు ఉన్నట్టు కాదు. వినికిడి, చూపు ముందు పరీక్షించండి, మాట వినపడనివారు దాన్ని గుర్తుపెట్టుకోలేరు. థైరాయిడ్, విటమిన్ బి12 పరీక్షలు చేయించండి. భార్యో భర్తో పోయిన తర్వాత వచ్చే దిగులును విడిగా అడిగి తెలుసుకోండి. కల్లు సంగతి కూడా మొహమాటపడకుండా, తప్పు పట్టే గొంతు లేకుండా అడగాలి. "చెట్టు కల్లా, మందు కల్లా తాతా, రోజుకెన్ని సీసాలు?" అంటే నిజమే చెబుతారు. మన జిల్లాల్లో కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులు కలిపిన కేసులు ఎన్నోసార్లు బయటపడ్డాయి. ఆ మందులు నేరుగా యాదిని దెబ్బతీస్తాయి. అలాగని పరీక్ష కోసం రెండు రోజులు మానేయమని మాత్రం ఎన్నడూ చెప్పకండి. అలవాటుపడిన శరీరానికి ఒక్కసారిగా ఆపితే మతి తప్పడం, మూర్ఛ రావడం జరుగుతుంది.

ఇంట్లో రోజూ చూసేవారిని, చాలాసార్లు కోడలిని, విడిగా కూర్చోబెట్టి మాట్లాడాలి. పొయ్యి మీద పాలు మరవడం అందరికీ ఉన్నదే. ఇదివరకు చేయగలిగిన పనిని ఇప్పుడు చేయలేకపోవడం మనకు కావాలి: ఎన్నడూ తప్పని చెలక దారి తప్పడం, నోట్లు లెక్కపెట్టలేకపోవడం, కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం, పింఛన్ తెచ్చుకుని మళ్లీ పింఛన్‌కు బయల్దేరడం.

ఇంటి దగ్గర చేయాల్సిన సన్నాహం

భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రచురించిన నైతిక మార్గదర్శకాల ప్రకారం, చదవలేనివారు సమ్మతి పత్రం మీద నిశానీ వేసేటప్పుడు అధ్యయనంతో సంబంధం లేని సాక్షి ఒకరు మొదటి నుంచి చివరిదాకా పక్కనే ఉండాలి. పత్రం చదివి నిశానీ తీసుకున్నంత మాత్రాన సమ్మతి అయిపోదు. "ఏం చేస్తమని చెప్పినం అవ్వా, మీ మాటల్ల చెప్పుండ్రి" అని అడగండి. "మందు ఇస్తరు, యాది మంచిగైతది" అని జవాబు వస్తే ఆమెకు అర్థం కాలేదన్నమాట, మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. యాది బాగా తగ్గినవారి విషయంలో కుటుంబంలోని బాధ్యుల సమ్మతి తీసుకున్నా, ఆమె తల అడ్డంగా ఊపితే అక్కడితో ఆగిపోవాలి.

ఆ తర్వాత లోహం వెతకాలి. 3 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం) యంత్రం అయస్కాంత బలం భూమి అయస్కాంత బలానికి సుమారు అరవై వేల రెట్లు ఉంటుంది, అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. ఆసుపత్రి ఫారంలో పేస్‌మేకర్, స్టెంట్ అని అడుగుతారు, కాని మన పెద్దల ఒంటి మీద ఆ ఫారంలో లేనివి ఎన్నో ఉంటాయి. అవ్వలు పుస్తెలతాడుకో గాజులకో నాలుగైదు పిన్నీసులు గుత్తిగా తగిలించుకుంటారు, అవి ఉక్కువి, గదిలోకి వెళితే ఎగిరిపోతాయి. తాతల వేలికి గుర్రపునాడా ఉంగరం, మొలతాడుకు రేకు తాయెత్తు ఉంటాయి. వెండి మెట్టెలు, కడియాలు అయస్కాంతానికి అంటకపోయినా వేడెక్కవచ్చు. వాటిని స్కాన్ గది ముందు హడావిడిగా సబ్బు పెట్టి లాగడం కంటే, ముందురోజు ఇంట్లోనే నూనె రాసి నెమ్మదిగా తీయించడం మేలు. పుస్తెలు తీయడానికి ఇష్టపడని అవ్వకు పసుపుకొమ్ము కట్టిన పసుపుతాడు ఇంటి నుంచే కట్టి పంపమని కోడలికి చెబితే మాట గౌరవంగా నిలుస్తుంది. చేతుల మీది పచ్చబొట్లలో కొన్ని రంగులకు లోహం గుణం ఉంటుంది, స్కాన్‌లో చురుక్కుమంటే వెంటనే చెప్పమనాలి.

వృత్తిని తప్పక అడగండి. తాటిచెట్టు మీది నుంచి పడిన గీత కార్మికుడి తొడలో రాడ్డు ఉండవచ్చు. రాళ్లు కొట్టినవారి, వెల్డింగ్ చేసినవారి కంట్లో ఉక్కు ముక్క ఇరుక్కుని ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు, అనుమానముంటే ముందు కంటికి ఎక్స్‌రే తీయించాలి.

ఇక నల్లగొండలో ప్రత్యేకంగా చూడాల్సిన విషయం ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగడం వల్ల వచ్చే ఎముకల జబ్బు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో ఇప్పుడు అరవై దాటినవారు మిషన్ భగీరథ నీళ్లు రాకముందు దశాబ్దాల పాటు బోరు నీళ్లు, బావి నీళ్లు తాగినవారు. వెన్నెముక కొయ్యబారి ముందుకు వంగిపోయిన పెద్దలు వెల్లకిలా పడుకోలేరు, స్కాన్‌లో తల చుట్టూ ఉండే కాయిల్ అనే తొడుగులోకి వాళ్ల తల వెళ్లదు. దిండ్లు, మోకాళ్ల కింద ఎత్తు పెట్టి చూడండి, కుదరకపోతే బలవంతం చేయకండి. కాని వాళ్లను జాబితా నుంచి తీసేయకండి. యాది పరీక్షల వివరాలు ఉంచి, చిత్రం ఎందుకు లేదో కారణం రాయండి. ఎక్కువ కాలం చెడ్డనీళ్లు తాగి, ఎక్కువ బరువులు మోసినవారే మీ చిత్రాల్లోంచి జారిపోతే, మిగిలినవారి మెదళ్లను చూసి జిల్లా మొత్తం గురించి చెప్పడం తప్పవుతుంది. ఏ ఊళ్లో ఎన్నేళ్లు, ఏ నీళ్లు తాగారన్నది ప్రతి ఒక్కరి ఫారంలోనూ ఉండాలి.

ఇంట్లోనే ఒకసారి సాధన చేయించండి. నులక మంచం మీద పడుకోబెట్టి, ఫోన్లో ఎమ్మారై మోత వినిపించి, నుదుటి మీద రూపాయి బిళ్ల పెట్టి అది పడకుండా అయిదు నిమిషాలు ఉండమనండి. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూస్తుంటే అవ్వకు భయం సగం పోతుంది.

స్కాన్ రోజు

పొద్దున్నే స్కాన్ పెట్టుకోండి, పెద్దల ఏకాగ్రత పొద్దున బాగుంటుంది. కాని నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. ఎండాకాలంలో బస్సులో వస్తూ, దారిలో మూత్రానికి ఇబ్బందవుతుందని మన అవ్వలు నీళ్లు తాగరు. ఒంట్లో నీరు తగ్గితే మెదడు పరిమాణం కొలతల్లోనే తగ్గి కనిపిస్తుంది. దాన్ని వయసు ప్రభావమని రాసుకునే ప్రమాదముంది. కాబట్టి వీలైతే ముందురోజే రప్పించి, బస ఇచ్చి, రాత్రి కడుపునిండా తిననిచ్చి, పొద్దున నీళ్లు తాగించి తీసుకెళ్లండి. టీలోని కెఫీన్ మెదడుకు రక్త ప్రసరణను తగ్గిస్తుంది. మెదడు పనిచేసే తీరును చూపే, రక్త ప్రసరణ మీద ఆధారపడే ఫంక్షనల్ చిత్రాలు తీస్తుంటే టీ సంగతి అందరికీ ఒకే నియమంగా పెట్టండి, ఎప్పుడు తాగారో రాయండి.

చెవులకు ప్లగ్‌లు, చేతికి పిలుపు బంతి ఇచ్చి, బంతి ఒకసారి నొక్కించి మనిషి వస్తాడని చూపించండి. చిత్రానికీ చిత్రానికీ మధ్య మైకులో "అయిపోయింది పెద్దమ్మా, ఇంకొక్కటి, అయిదు నిమిషాలే" అని ఆమెకు తెలిసిన గొంతు వినిపించాలి. తల కదిలితే మెదడు పైపొర నిజంగా ఉన్నదానికంటే పలచగా కొలతకొస్తుంది. పెద్దలు యువకులకంటే ఎక్కువ కదులుతారు, కాబట్టి కదలిక వల్ల వచ్చిన తేడా వయసు తేడాగా వేషం వేసుకొస్తుంది. మెదడు ఆకారాన్ని స్పష్టంగా చూపే ముఖ్యమైన టీ1 చిత్రాన్ని మొదటే తీయండి, కదిలితే అప్పుడే మళ్లీ తీయండి.

మొదటి అధ్యయనంలోనే లోపల పనులు చేయిస్తూ ఫంక్షనల్ ఎమ్మారై తీయవద్దన్నది నా అభిప్రాయం. 1990లో సీజీ ఒగావా చూపిన పద్ధతి కొలిచేది రక్తంలోని ఆక్సిజన్ మార్పును, నాడీకణాల పనిని నేరుగా కాదు. వయసుతో, బీపీతో రక్తనాళాలు గట్టిపడిన మనిషిలో ఆ సంకేతం మారిపోతుంది. పైగా బటన్ నొక్కడం కొత్తయిన చేతికి అదే ఒక పరీక్ష. టీ1, మచ్చలను చూపే ఫ్లెయిర్, నాడీ తంతువుల దారులను చూపే డిఫ్యూజన్ చిత్రాలు, కళ్లు తెరిచి ఊరికే పడుకునే విశ్రాంతి చిత్రం, ఇవి చాలు.

చిత్రాలను చదవడం

సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెలను నమ్మే ముందు ప్రతి చిత్రాన్నీ కంటితో చూడండి. మెదళ్లను పోల్చి కొలవడానికి ఎక్కువగా వాడే ప్రామాణిక నమూనా మాంట్రియల్‌లో 152 మంది యువకుల మెదళ్లతో తయారైంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ బృందం 2019లో 100 మంది భారతీయుల చిత్రాలతో ఒక అట్లాస్ (మెదడు పటం) తెచ్చింది, పాశ్చాత్యుల మెదడుతో పోలిస్తే మన మెదడు సగటున కొలతల్లో చిన్నదని చూపింది. అదీ యువకులదే కాబట్టి, మీ పెద్దల చిత్రాలతోనే మీ నమూనా తయారు చేసుకోవడం ఉత్తమం. తల పరిమాణాన్ని బట్టి సవరించకుండా ఎవరి హిప్పోక్యాంపస్ (యాదికి కీలకమైన మెదడు భాగం) చిన్నదో చెప్పకూడదు. ఫ్లెయిర్‌లో తెల్లగా మెరిసే మచ్చలకు 0 నుంచి 3 దాకా ఉండే ఫజేకాస్ స్కేలు ప్రకారం ఇద్దరు విడివిడిగా, మనిషి వయసు, మార్కులు చూడకుండా అంకె వేయాలి. ఆ మచ్చలకు బీపీతో గట్టి సంబంధముంది, కాబట్టి బీపీ అంకె పక్కనే ఉండాలి.

అన్నింటికంటే జాగ్రత్తపడాల్సింది ఎనభై ఏళ్లవారినీ అరవై ఏళ్లవారినీ పక్కపక్కన పెట్టి, మధ్య తేడా అంతా ముసలితనమే అనుకోవడం. ఎనభై ఏళ్ల అవ్వ పెరిగిన కాలంలో ఊళ్లో ఆడపిల్లకు బడి లేదు. అరవై ఏళ్ల చెల్లెలు నాలుగైదు తరగతులైనా చదివింది. ఆ తేడా ఇద్దరూ పుట్టిన కాలాలది. వయసు ప్రభావం తెలియాలంటే అదే మనిషిని కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూడాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దల్లోనూ హిప్పోక్యాంపస్ ఏడాదికి 1 నుంచి 2 శాతం తగ్గుతుందని అంచనా. ఇంత చిన్న మార్పును పట్టుకోవాలంటే రెండోసారి కూడా అదే యంత్రం, అవే సెట్టింగులు, దాదాపు అదే సమయం ఉండాలి.

తిరిగి ఊరికి

చిత్రంలో గడ్డ, పాత పక్షవాతపు మచ్చ లాంటివి కనిపిస్తే ఎవరు చూడాలి, ఎన్ని రోజుల్లో చెప్పాలి, ఏ ఆసుపత్రికి పంపాలి అన్నది మొదటి స్కాన్‌కు ముందే రాసి పెట్టుకోండి. ఏమీ లేకపోయినా ఊరికి వెళ్లి చెప్పాలి. "మీ మెదడు కుంచించుకుపోయింది" అనే మాట ఎవరితోనూ అనకండి, ఒక్క చిత్రంతో ఒక్క మనిషి గురించి అలా చెప్పే అధికారం ఈ కొలతలకు లేదు. బీపీ ఎక్కువగా ఉందని, చెవికి మిషన్ కావాలని, బి12 తక్కువగా ఉందని తేలితే అది చెప్పండి, దానికి ఇవాళే చేయగలిగింది ఉంది. కూలీ పోయినందుకు, దారి ఖర్చుకు ఇవ్వాల్సింది చేతికి ఇవ్వండి.

రెండోసారి ఎప్పుడు వస్తారో అంకెల్లో చెబితే ఎవరికీ గుర్తుండదు. "వచ్చే ఏడు కాదు, ఆ పై ఏడు, బతుకమ్మ పోయినంక, వరికోతలు మొదలుగాక ముందు వస్తం అవ్వా" అని చెప్పి, అదే మాటను ఫోన్ నంబరుతో సహా చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి, కోడలి చేత ఇంట్లో క్యాలెండర్ వెనుక అంటింపజేయండి.